నెల్లూరా, ఒంగోలా? ముందు క్యాలెండర్ తీయండి

"అన్నా, మూడు రోజులు సెలవులు కలిసొచ్చాయి. మీ వైపు చూడటానికి ఏమున్నాయి?"

ఏడాదిలో మూడు నాలుగు సార్లు నాకీ ఫోన్ వస్తుంది. హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో మా పిన్ని కొడుకులు, వాళ్ళ ఆఫీసు స్నేహితులు, ఆ స్నేహితుల బంధువులు. అందరూ ఊళ్ళ పేర్లు అడుగుతారు. నేను తేదీ అడుగుతాను. "ఏ నెల? మధ్యలో శనివారం వస్తుందా? పౌర్ణమి దగ్గర్లో ఉందా?" అంటే అవతల నుంచి "జాతకం చూస్తున్నావా అన్నా?" అని నవ్వు. నవ్వనీ. వారంలో ఆరు రోజులు తలుపులు మూసి ఉండే గుడి మా దగ్గరుంది. ఏడాదిలో సగం రోజులు పక్షే కనిపించని సరస్సు ఉంది. ఏటా 11 రోజులు ముందే వచ్చేసే పండుగ ఉంది. ఊరి పేరు చూసి టికెట్లు కొనుక్కున్నవాళ్ళు ఉత్త చేతులతో తిరిగిపోవడం చాలాసార్లు చూశాను.

సలహా చెప్పేవాడి ఊరేదో కూడా తెలియాలి కదా. మాది కందుకూరు. 1970 ఫిబ్రవరి దాకా మేము నెల్లూరు జిల్లా. అప్పుడు ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా చేసి మమ్మల్ని అందులో కలిపారు. 1972లో దానికి ప్రకాశం అని పేరు పెట్టారు. 2022లో మళ్ళీ నెల్లూరులో వేశారు. ఆ తర్వాత కూడా ఈ గీతలు నిలకడగా లేవు. మా నాన్న పుట్టింది నెల్లూరు జిల్లా, నేను పుట్టింది ప్రకాశం జిల్లా, ఇద్దరం పుట్టింది ఒకే వీధి. నెల్లూరు వాళ్ళు మమ్మల్ని ఒంగోలోళ్ళంటారు, ఒంగోలు వాళ్ళు నెల్లూరోళ్ళంటారు. కాబట్టి ఎవరి వైపూ మొగ్గాల్సిన అవసరం నాకు లేదు. ఇంకో మాట, నేను పాత జిల్లాల లెక్కలోనే మాట్లాడతాను. 2022లో సూళ్ళూరుపేట, నేలపట్టు తిరుపతి జిల్లాలోకి వెళ్ళాయి. ఆ సంగతి అక్కడి కొంగలకు ఎవరూ చెప్పినట్టు లేదు, అవి పాత దారినే వస్తున్నాయి.

శనివారం చేతిలో ఉంటే

మీ మూడు రోజుల్లో శనివారం ఉంటే ఇంకో ఆలోచన వద్దు, మాలకొండ. వలేటివారిపాలెం మండలంలో కొండ మీద మాల్యాద్రి లక్ష్మీనరసింహస్వామి గుడి. స్వామి దర్శనం శనివారం ఒక్కరోజే. మిగతా ఆరు రోజులు దేవతలు, ఋషులు వచ్చి పూజ చేసుకుంటారని, ఆ రోజుల్లో మనుషులు కొండ మీద ఉండకూడదని నమ్మకం. చిన్నప్పుడు మా నాయనమ్మని "శుక్రవారం పోతే ఏమవుద్ది?" అని అడిగితే, "ఏం కాదు, తలుపేసి ఉంటది" అంది. అంతకంటే సూటిగా చెప్పేవాళ్ళు నాకు ఇంతవరకూ దొరకలేదు.

మావాళ్ళు ఒకసారి నాకు చెప్పకుండా నెల్లూరులో కారు మాట్లాడుకుని ఆదివారం ఉదయం మాలకొండ చేరారు. డ్రైవర్‌కు తెలియదు, వీళ్ళకు తెలియదు. ఫోన్లో మ్యాపు మాత్రం చక్కగా దారి చూపించింది. వేసిన తలుపులకు దండం పెట్టుకుని, కోతులకు అరటిపళ్ళు పెట్టి వచ్చారు.

ఇక్కడ స్వామి ఒకచోట, అమ్మవారు ఇంకొకచోట. అమ్మవారి దగ్గరకు పోవాలంటే చీలిన పెద్ద బండ మధ్యలోంచి ఇరుకు దారి. పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి నడవాలి. ఎంత లావు మనిషికైనా బండ దారిస్తుందని పెద్దవాళ్ళు చెబుతారు. లోపలికి అడుగుపెట్టే ముందు ప్రతివాళ్ళూ ఒకసారి తమ పొట్ట వైపు చూసుకోవడం మాత్రం నేను ప్రతి శనివారమూ చూస్తుంటాను. పిల్లలకు కొండ మొత్తంలో నచ్చేది ఈ పది అడుగులే.

దీనికి పోటీ పెంచలకోన. రాపూరు మండలంలో, వెలిగొండల ఒడిలో. అక్కడా నరసింహస్వామే, పెనుశిల నరసింహుడు. చెంచుల పిల్లను చూసి మనసుపడి పెళ్ళాడిన స్వామి, ఆమెతో పెనవేసుకుని శిల అయ్యాడని కథ. పెనుశిల కోన అనే మాటే నోళ్ళలో నలిగి పెంచలకోన అయిందంటారు. చెంచులక్ష్మిని చేసుకున్నందుకు ఆదిలక్ష్మి అమ్మవారు అలిగి దూరంగా వెళ్ళిపోయిందట, ఆమె గుడి ఇప్పటికీ విడిగానే ఉంటుంది. దర్శనానికి వెళ్ళిన మగవాళ్ళు ముందు స్వామి దగ్గరకు పోతారు, ఆడవాళ్ళు అమ్మవారి గుడి దగ్గర కాసేపు ఎక్కువ కూర్చుంటారు. ఇది నేను గమనించిన సంగతి, శాస్త్రం కాదు.

రెండింట్లో ఏది? ఆచారం వింతగా ఉండాలి, ఇంటికెళ్ళి చెప్పుకోవడానికి కథ కావాలంటే మాలకొండ. చెట్టు నీడ, కోన లోపల పారే నీళ్ళు, కళ్ళకు పచ్చదనం కావాలంటే పెంచలకోన. మాలకొండ బండలు పదకొండు దాటాక కాలు పెట్టనివ్వవు, పెద్దవాళ్ళుంటే తెల్లవారుజామునే బయల్దేరండి. కందుకూరు నుంచి గంట దారి. పెంచలకోనకు నెల్లూరు నుంచి రెండు గంటలు పడుతుంది. అయితే అక్కడ వైశాఖంలో, అంటే మే నెల ప్రాంతంలో, బ్రహ్మోత్సవాలు. జాతర చూడాలనుకుంటే అప్పుడే రావాలి, ప్రశాంతత కావాలనుకుంటే అప్పుడు అసలు రాకూడదు. నీళ్ళ కోసమైతే అక్టోబర్ తర్వాతే. మాకు పెద్ద వానలు ఈశాన్య ఋతుపవనాలతోనే పడతాయి. తెలంగాణలో జులైలో జలపాతాలు దూకుతున్నాయని మా వైపు కూడా దూకుతాయనుకుని వచ్చేవాళ్ళకు తడిసిన బండ మాత్రం కనిపిస్తుంది.

శనివారం రాత్రికి ఇంకొకటి కలుపుకోవచ్చు. నెల్లూరు దగ్గర గొలగమూడిలో భగవాన్ వెంకయ్యస్వామి ఆశ్రమం. 1982 ఆగస్టు 24న స్వామి సమాధి చెందారు, ఏటా ఆ రోజుల్లో ఆరాధన జరుగుతుంది. శనివారం రాత్రి అక్కడ నిద్ర చేయడం మా జిల్లాల ఆచారం. గదులు, ఏసీలు కాదు, దుప్పటి పరుచుకుని వందలమంది మధ్య పడుకోవడమే. మా అమ్మకు ఆ నిద్ర పట్టినంత హాయిగా ఇంట్లో కూడా పట్టదు. నాకు దోమలు కుడతాయి.

రాళ్ళు, నీళ్ళు, ఒక యుద్ధం

చరిత్ర మీద ఇష్టం ఉన్నవాళ్ళు ఉదయగిరి కోటా, కంభం చెరువా అని అడుగుతారు. ఒకటి నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో, ఒకటి ప్రకాశం పడమర కొసన. ఈ రెంటికీ చుట్టరికం ఉంది. ఉదయగిరి అప్పుడు ఒడిశా గజపతుల చేతిలో ఉండేది. శ్రీకృష్ణదేవరాయలు ఏడాదిన్నర పాటు ముట్టడించి 1514లో దాన్ని గెలిచాడు. అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్ళి, దాని కోసమే కృష్ణాలయం కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు హంపిలో కూడా లేదు, చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. యుద్ధం ముగిశాక గజపతి తన కూతుర్ని రాయలకిచ్చి పెళ్ళి చేశాడు. గుండ్లకమ్మ నదికి అడ్డంగా రెండు కొండల మధ్య కట్ట వేయించి కంభం చెరువు తవ్వించింది ఆ రాణి వరదరాజమ్మేనని చెబుతారు. అల్లుడు గెలిచిన కోట ఒకవైపు, కూతురు కట్టించిన చెరువు ఇంకోవైపు. ఐదొందల ఏళ్ళ తర్వాత కోట శిథిలమైపోయింది, చెరువు కింద ఇంకా వరి పండుతోంది.

కంభం చెరువు కట్ట ఎత్తు 57 అడుగులు. ఆసియాలో మనుషులు కట్టిన పాత పెద్ద చెరువుల్లో ఇదొకటి. 2020లో దీనికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. కానీ మంచి వానలు పడ్డ ఏడాదే వెళ్ళండి. కరువు ఏడాదిలో కట్ట మీద నిలబడితే ఎదురుగా పశువులు మేసే మైదానం కనిపిస్తుంది. నిండినప్పుడు మాత్రం కొండల మధ్య సముద్రం చూసినట్టే. గుంటూరు-నంద్యాల రైలు మార్గంలో కంభం స్టేషన్ ఉంది, కాబట్టి కారు లేనివాళ్ళకు ఉదయగిరి కంటే ఇదే సులువు.

ఉదయగిరి కొండ మూడు వేల అడుగుల పైన. ఎక్కడానికి ఓపిక కావాలి, పైన నీళ్ళు దొరకవు, దారి చెప్పేవాళ్ళు కూడా అన్నిసార్లూ ఉండరు. పడిపోయిన గోడలు, మసీదు, గుడి మండపాలు, వాటి మధ్య ముళ్ళ చెట్లు. కుర్రాళ్ళు నలుగురు కలిసి డిసెంబర్, జనవరి నెలల్లో తెల్లవారేసరికి ఎక్కడం మొదలుపెడితే బాగుంటుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కొండ కిందే ఆగి ఉదయగిరి చెక్క గరిటెలు కొనుక్కోవచ్చు. చుట్టుపక్కల అడవుల్లో దొరికే నర్ది, బిక్కి లాంటి కర్రతో ఇక్కడి ముస్లిం కుటుంబాలు తరాలుగా చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కుతున్నాయి. వాటికి జీఐ ట్యాగ్, అంటే ఇది ఈ ఊరి సరుకేనన్న గుర్తింపు, కూడా ఉంది. మా ఇంట్లో పదేళ్ళ నాటి గరిటె ఒకటుంది, నాన్‌స్టిక్ పెనాలు మూడు మారాయి గానీ అది మారలేదు.

ఉదయగిరి దాకా వెళ్ళినవాళ్ళు సీతారామపురం మీదుగా భైరవకోన చూడకుండా వెనక్కి రావద్దు. చంద్రశేఖరపురం మండలంలో ఉంది, కందుకూరు వైపు నుంచి వచ్చేవాళ్ళు పామూరు మీదుగా పోతారు. ఒకే కొండ చరియను తొలిచి చేసిన ఎనిమిది శివాలయాలు, గుహల ముందు రాతిలోనే ద్వారపాలకులు, పక్కనే దాదాపు 200 అడుగుల పైనుంచి పడే నీళ్ళు. జనం తాకిడి తక్కువ. హోటళ్ళు లేవు, అన్నం మూట కట్టుకుని పోవాలి. ఇక్కడ కూడా తేదీదే పెత్తనం. కార్తీక పౌర్ణమి రాత్రి చంద్రుడి వెలుగు సరిగ్గా అమ్మవారి మీద పడుతుందని, దాని కోసమే జనం రాత్రంతా కూర్చుంటారు. కార్తీకానికి వానలు పడి ఉంటాయి కాబట్టి జలపాతం కూడా నిండుగా ఉంటుంది. రెండు జిల్లాల్లో ఒకే ఒక్క రోజు, ఒకే ఒక్క చోటు ఎంచుకోమంటే నేను కార్తీక పౌర్ణమి భైరవకోననే ఎంచుకుంటాను. ఇంతకుముందు మాలకొండ అని గట్టిగా చెప్పాను కదా అంటారేమో, అది శనివారం సంగతి.

చందవరం గురించి రెండు ముక్కలు. దొనకొండ మండలంలో, గుండ్లకమ్మ దగ్గరే, కొండ మీద బౌద్ధ స్తూపం. చూడటానికి అరగంట చాలు, అమరావతి చూసినవాళ్ళకు పెద్దగా అనిపించకపోవచ్చు. కానీ ఇక్కడి నుంచి 2001లో దొంగలెత్తుకెళ్ళిన ఒక శిల్పం ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీలో తేలింది. దాన్ని వాళ్ళు 2016లో భారతదేశానికి తిరిగి ఇచ్చారు. ఆ కథ తెలిసి వెళ్తే ఖాళీ కొండ కూడా వేరుగా కనిపిస్తుంది.

కొంగలు కావాలంటే చలికాలమే

ఇందులో పోలిక లేదు, నెల్లూరు వైపుదే పైచేయి. ప్రకాశంలో దీనికి సాటి వచ్చేది లేదు. పులికాట్ మన దేశంలో చిలికా తర్వాత అతి పెద్ద ఉప్పునీటి సరస్సు. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు ఈ సరస్సు మధ్యలోంచే పోతుంది. చలికాలంలో ఆ రోడ్డుకు రెండు పక్కలా ఫ్లెమింగోలు గులాబీ రంగు చీరలు ఆరేసినట్టు నిలబడి ఉంటాయి. తల కిందులు చేసి, ముక్కుతో నీళ్ళు వడగట్టుకుని తింటాయి. వాటికా రంగు వచ్చేది తినే నాచు, చిన్న రొయ్యల నుంచే.

నేను మొదటిసారి స్నేహితులను అక్కడికి తీసుకెళ్ళింది మే నెలలో. "కొంగలేవిరా?" అని అడిగితే ఎండమావులు చూపించాను. ఎండాకాలం సరస్సులో చాలా భాగం ఆరిపోయి పర్రలా మిగులుతుంది. పడవలు బురదలో ఒరిగి ఉంటాయి. ఆ తర్వాత రెండేళ్ళు నాతో ఎవరూ రాలేదు.

పులికాట్‌తో పాటు చూడాల్సింది నేలపట్టు. దొరవారిసత్రం దగ్గర, హైవేకి కొంచెం లోపలగా. చెరువులో మునిగి ఉండే కడప అనే రకం చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టుకుంటాయి, ఇంకా నత్తగుల్ల కొంగలు, తెల్ల కొంకణాలు. ఊరివాళ్ళు వాటిని వేటాడరు. పక్షులు వచ్చిన ఏడాది వానలు బాగుంటాయని నమ్మకం ఒకటి, వాటి రెట్టలు కలిసిన చెరువు నీళ్ళు పొలానికి ఎరువుతో సమానమన్న లెక్క ఒకటి. భక్తి, లాభం ఒకే గట్టు మీద నడుస్తున్నాయి, ఇక ఆ ఆచారం తప్పేదెవరు?

రెంటిలో ఒకటే చూసే వీలుంటే చిన్నపిల్లలతో నేలపట్టు, కెమెరా ఉన్నవాళ్ళకు పులికాట్. నేలపట్టులో పక్షులు గూట్లో కదలకుండా కూర్చుంటాయి, పిల్లలని పొద్దున ఎత్తుకుని చూపిస్తే చాలు. పులికాట్‌లో అవి దూరంగా ఉంటాయి, దుర్భిణి లేకపోతే గులాబీ చుక్కలే. జనవరి ప్రాంతంలో సూళ్ళూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ చేస్తారు. పాటలు, స్టాళ్ళు, మైకులు ఉంటాయి. నాకైతే కొంగల కోసం వచ్చినవాళ్ళు ఆ మూడు రోజులు తప్పించుకోవడమే మంచిదనిపిస్తుంది. రాకెట్ ప్రయోగం ఉన్న రోజు కలిసొస్తే అది వేరే అదృష్టం. శ్రీహరికోటలోని రాకెట్ కేంద్రం షార్‌లో 2019 నుంచి జనం కూర్చుని చూసే గ్యాలరీ ఉంది, ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి.

సముద్రం

మైపాడు నెల్లూరు వాళ్ళది, కొత్తపట్నం ఒంగోలు వాళ్ళది. ఇసుక ఒకటే, అలలు ఒకటే, మిరపకాయ బజ్జీలు ఒకటే. రెండు చోట్లా ఏటా ఈత రాని కుర్రాళ్ళు లోపలికి పోతుంటారు, మోకాళ్ళ లోతు దాటవద్దు. కొత్తపట్నానికి ఒక చరిత్ర ఉంది. 1937 వేసవిలో ఇక్కడ రాజకీయ పాఠశాల పెడితే అప్పటి ప్రభుత్వం నిషేధించింది. సముద్రం చూడటానికి మాత్రం మీకేది దగ్గరైతే అది చాలు. నెల్లూరులో ఒక్క సాయంత్రమే ఉందనుకుంటే నేను మైపాడు కూడా చెప్పను, నరసింహకొండ చెప్తాను. కొండ మీద ఏడు కోనేర్లు, కింద పెన్న, పొద్దుగూకే వేళ ఊరంతా కనిపిస్తుంది.

చేపల కోసమే తీరానికి వచ్చేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మర బోట్ల మీద వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఆ రోజుల్లో వంజరం, చందువ తక్కువగా వస్తాయి, వచ్చినా ధర కొండెక్కుతుంది. కానీ అదే మామిడికాయల కాలం. నెల్లూరు చేపల పులుసులో మామిడికాయ ముక్క పడాల్సిందే. చెరువు చేప, కొరమీనుతో సర్దుకోండి. పులుసు రాత్రి చేసి పొద్దున తినాలి. వేడి వేడిగా వడ్డించేస్తామనే హోటల్లో నేను పులుసు అడగను.

రొట్టె పట్టుకోవాలా, బండ లాగే గిత్తను చూడాలా

పండుగల దగ్గరకొస్తే రెండు జిల్లాలు నిజంగా పోటీ పడతాయి. ఇక్కడ తొందరపడి తేల్చను.

నెల్లూరులో స్వర్ణాల చెరువు గట్టున బారాషహీద్ దర్గా. బారా అంటే పన్నెండు, యుద్ధంలో చనిపోయిన పన్నెండుమంది వీరుల సమాధులు అక్కడున్నాయి. మొహర్రం నెలలో ఐదు రోజులు రొట్టెల పండుగ. పద్ధతి ఇదీ: మీకొక కోరిక ఉంది, ఉద్యోగం అనుకోండి. చెరువు నీళ్ళలోకి దిగి "ఉద్యోగ రొట్టె ఉందా, ఉద్యోగ రొట్టె" అని అడుగుతూ తిరగాలి. పోయిన ఏడాదో, అంతకు ముందో అదే కోరికతో రొట్టె తీసుకుని, ఉద్యోగం వచ్చినవాళ్ళు ఎవరో మీకు రొట్టె ఇస్తారు. నీళ్ళలో నిలబడి దాన్ని తినాలి. కోరిక తీరాక మీరు రొట్టెలు చేసుకుని వచ్చి, అదే చెరువులో, అదే పేరుతో ఇంకొకరికి ఇవ్వాలి. పెళ్ళి రొట్టె, సంతాన రొట్టె, చదువు రొట్టె, ఆరోగ్య రొట్టె, ఇంటి రొట్టె. కాలం మారాక వీసా రొట్టె కూడా వచ్చింది. ఇచ్చేవాళ్ళది ఏ మతమో, తీసుకునేవాళ్ళది ఏ మతమో ఎవరూ అడగరు. నీళ్ళలో నిలబడ్డవాళ్ళలో హిందువులే ఎక్కువ కనిపిస్తారు. డబ్బు ఇవ్వడం, తీసుకోవడం ఉండదు.

దీని వెనక కథ అందరి నోటా ఉంది. చెరువులో బట్టలుతుకుతూ చీకటి పడితే అక్కడే నిద్రపోయిన చాకలి దంపతుల్లో భార్యకు కలలో షహీదులు కనిపించారట. జబ్బుతో ఉన్న ఆర్కాటు నవాబు భార్యకు తమ సమాధుల మట్టి రాస్తే నయమవుతుందని చెప్పారట. నయమయ్యాక నవాబు దంపతులు మొక్కు తీర్చుకోవడానికి వచ్చి, తెచ్చుకున్న రొట్టెల్లో మిగిలినవి అక్కడివాళ్ళకు పంచారని, పండుగ అలా మొదలైందని చెబుతారు. 2015లో ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగ చేసింది.

నా డిగ్రీ అయిపోయిన ఏడాది నేనూ ఉద్యోగ రొట్టె తీసుకున్నాను. ఇచ్చినాయన గూడూరు నుంచి వచ్చిన బస్సు కండక్టర్. "రెండేళ్ళు తిరిగాను నాయనా, మూడో ఏడు వచ్చింది" అన్నాడు. నాకు ఉద్యోగం వచ్చిన ఏడాది మా అమ్మ ఇరవై రొట్టెలు చేసిచ్చింది. పావుగంటలో అయిపోయాయి. చేతిలో రొట్టె లేకపోయినా ఇంకా చేతులు చాపుతున్న కుర్రాళ్ళను చూసి గట్టెక్కడం కష్టమైంది.

తేదీ విషయంలో ఇది మోసపోయే పండుగ. ఇస్లామిక్ క్యాలెండర్ చంద్రుణ్ణి బట్టి నడుస్తుంది కాబట్టి ఏటా సుమారు 11 రోజులు ముందే వస్తుంది. 2024లో జులై 17న మొదలైతే 2025లో జులై 6న మొదలైంది. అంటే రాబోయే కొన్నేళ్ళు ఎండ ముదిరి ఉండే రోజుల్లోకి జరుగుతుంది. గదులు నెల ముందే పట్టుకోండి. లేదంటే ఒంగోలులోనో గూడూరులోనో దిగి పొద్దున్నే రైల్లో రండి. ముసలివాళ్ళను, చంటిపిల్లలను మొదటి రెండు రోజుల రద్దీలోకి తీసుకురావద్దు.

ఇక ఒంగోలు వైపు. దసరాకు ఒంగోలులో అమ్మవారి ఉగ్రరూపాల పెద్ద పెద్ద ముఖాలను, కళారాలంటారు, రాత్రిపూట ఊరేగిస్తారు. అది మంచిదే. కానీ నా ఓటు సంక్రాంతికి పల్లెల్లో జరిగే బండలాగుడుకు. తెల్లటి ఒంటితో, ఎత్తైన మూపురంతో, ఊగే గంగడోలుతో ఒంగోలు గిత్తలు జంటలుగా వచ్చి టన్నుల బరువున్న రాతిబండను లాగుతాయి. ఇచ్చిన టైములో ఎన్ని అడుగులు లాగితే అదే లెక్క. కొత్తవాళ్ళకు వింతగా అనిపించేది మైకులో వినిపించే విభాగాల పేర్లు: పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు. పశువు వయసు పళ్ళను బట్టే తేలుతుంది కాబట్టి పోటీలు కూడా పళ్ళను బట్టే. గిత్త నోరు తెరిచి పళ్ళు చూసే పెద్దమనిషికి ఆ రోజు కలెక్టర్‌కున్న విలువ ఉంటుంది. కొన్నిచోట్ల ఎడ్లను అదిలించే తీరు చూడటానికి మనసొప్పదు, అది దాచడం లేదు. అలాంటివాళ్ళు నాగులుప్పలపాడు దగ్గర చదలవాడ పశుక్షేత్రం వైపు వెళ్తే ఇవే పశువులను ప్రశాంతంగా చూడొచ్చు.

ఈ గిత్తల పేరు మీద కూడా మా రెండు జిల్లాల తగువుంది. 1868లో ఈ జాతి పశువుల జత ఒకటి ఓడలో బ్రెజిల్ చేరింది. ఇవాళ అక్కడి మాంసం పశువుల్లో ఎక్కువ భాగం వాటి సంతతే. కానీ అక్కడ వాటిని ఒంగోలు అనరు, 'నెలోర్' అంటారు. ఎందుకంటే 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. బ్రెజిల్‌లో 2023లో వియాటినా-19 అనే నెలోర్ ఆవుకు 43 లక్షల డాలర్లకు పైగా విలువ కట్టారు, ప్రపంచంలో అంత ఖరీదైన ఆవు అప్పటికి లేదు. పశువు మాది, పేరు వాళ్ళది అని ఒంగోలోళ్ళు ఇప్పటికీ గొణుగుతుంటారు. కందుకూరు వాడిగా నేను రెండు వైపులా తలూపుతాను.

మరి రొట్టెలా, గిత్తలా? మీరు ఒక్కరే వస్తుంటే, మనసులో ఏదైనా తీరని పని ఉంటే, రొట్టెల పండుగ. అక్కడ చూసేవాళ్ళూ చేసేవాళ్ళూ వేరు కాదు, చెరువులో దిగితే మీరూ పండుగలో మనిషే. కుటుంబంతో, పిల్లలతో వస్తుంటే సంక్రాంతి. చలి ఉంటుంది, పిండివంటలు ఉంటాయి, పొద్దున బండలాగుడు చూసి, మర్నాడు నేలపట్టు వెళ్ళొచ్చు. అప్పుడు పక్షులు కూడా ఉంటాయి. నెల్లూరు, ప్రకాశం రెండూ ఒకే విడతలో చూడాలనుకునేవాళ్ళకు జనవరి రెండో వారాన్ని మించింది లేదు. ఒక్క చిక్కు, బస్సుల్లో, రైళ్ళలో సీటు దొరకదు. నవంబర్‌లోనే రిజర్వేషన్ చేసుకోవాలి.

చివరగా రావడం సంగతి. నెల్లూరు, గూడూరు, సూళ్ళూరుపేట, ఒంగోలు అన్నీ చెన్నై-విజయవాడ రైలు మార్గం మీదే ఉన్నాయి. కందుకూరుకు రైలు లేదు, మాలకొండకు వచ్చేవాళ్ళు సింగరాయకొండలో దిగాలి. అక్కడి నుంచి బస్సులు, ఆటోలు దొరుకుతాయి. దిగాక ఫోన్ చేయండి, భోజనానికి ఇంటికి రావచ్చు. శనివారమైతే మాత్రం మధ్యాహ్నం దాకా నాకు ఫోన్ కలవదు, కొండ మీద సిగ్నల్ సరిగా రాదు.